ఏడు కుట్ల ప్యాలా

మా వీధిలో మునీసను ఇప్పటికీ వెనకాల ‘నీలిముద్ర’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. ఎవరు పెట్టారో చాలామందికి గుర్తులేదు. పెట్టిన రోజు పగలబడి నవ్విన ఆడవాళ్లలో సగం మంది పోయారు కూడా. నేను మాత్రం మిగిలాను, గుర్తుతో సహా. ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ముందు నా గురించే రాయాల్సి వస్తోంది. అదొక సిగ్గు.

నా పేరు హనీఫా. మా ఊరి పింగాణీ కార్ఖానాలో ఇరవై ఆరేళ్లు పిడి లేని టీ ప్యాలాలు తట్టి చూశాను. బట్టీలో కాలి వచ్చిన సరుకంతా చివరికి నా బల్ల ముందుకే రావాలి. ఎడమచేతి మూడు వేళ్ల మీద ప్యాలాను నిలబెట్టి ముందు లోపల చూడాలి, తర్వాత అంచు, తర్వాత అడుగు. ఆఖర్న చెక్కపుల్లతో ఒక్క దెబ్బ. ఖంగుమంటే ఎర్రముద్ర. ఖంగుమన్నా మెరుగుపూతలో సూదిమొనంత మచ్చ కనిపిస్తే నీలిముద్ర, అంటే రెండో రకం. మచ్చ పెద్దదైతే ఆకుపచ్చ ముద్ర. టప్పుమందంటే కంటికి కనిపించని పగులు ఉన్నట్టే. దానికి ముద్ర లేదు, పక్కనున్న ఇనప తొట్టిలోకి విసిరెయ్యడమే. ముద్ర వేశాక ప్యాలా మళ్లీ బట్టీలోకి వెళ్లి కాలుతుంది. అందుకని వేసిన ముద్రను చెరపడం అనేది మా పనిలో లేదు.

ఈ పనితో ఊళ్లో నా మాటకి ఎక్కడలేని విలువ వచ్చింది. కత్తి కొన్నా, తివాచీ కొన్నా, పిల్లకి చెవిపోగులు కొన్నా “హనీఫాకి చూపించారా?” అనేవారు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. రానురాను నిజమే కాబోలు అనుకున్నాను. పుల్ల జేబులో లేకుండా బజారుకు వెళ్లేదాన్ని కాదు. మా ఆయన నోర్మత్ పత్తి మిల్లులో పత్తిని రకాలుగా విడదీసేవాడు. బొటనవేళ్ల మధ్య దూది పోగు లాగి దాని పొడుగెంతో చూడకుండా చెప్పగలడు. అంత పనిమంతుడు బయట నోరు విప్పేవాడు కాదు. “నాకు దూది తెలుసు, అంతే. వాళ్ల గోధుమల సంగతి నన్నెందుకడుగుతారు?” అని తప్పుకునేవాడు. చేతకానితనం అనుకునేదాన్ని.

ఒక వేసవిలో పుచ్చకాయలు కొనడానికి వెళ్లాం. కుప్ప ముందు కూర్చుని నేను వరసగా పది కాయలు తట్టాను. పదకొండోది గంటలా మోగింది. చంకన పెట్టుకున్నాను. కాయలమ్మే ముసలాయన గడ్డం గోక్కున్నాడు.

“అది వద్దు తల్లీ. ఆ పక్కది తీసుకో.”

“నాకు చెప్తున్నావా? దీని మోత విన్నావా అసలు?”

“విన్నా కాబట్టే చెప్తున్నా. నీ ప్యాలా ఖంగుమంటే మంచిది, నా కాయ ఖంగుమంటే పచ్చిది. పండిన కాయ గొంతు బొంగురుగా ఉంటది.”

వింటే నేను హనీఫాను ఎందుకవుతాను? ఇంటికి తెచ్చి కోస్తే లోపల తెల్లగా, సొరకాయ ముక్కలా ఉంది. నోర్మత్ దాని మీద ఉప్పు చల్లుకుని తింటూ “ఆహా, ఎర్రముద్ర పుచ్చకాయ, ఏం రుచి!” అని వారం రోజులు ఏడిపించాడు. ఆ ముసలాయన చెప్పింది ఒక్క పుచ్చకాయ సంగతే కాదని అప్పుడే తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదు.

మునీస తండ్రి తుర్దిఅలీ. పగిలిన పింగాణీకి కుట్లు వేసే ఉస్తా, అంటే మేస్త్రీ. బజారు మొగలో, టీ కొట్టు గోడకి చేరగిలబడి కూర్చునేవాడు. ఒళ్లో తోలుముక్క, ముందు తాడుతో తిప్పే బర్మా, డబ్బాలో ఇత్తడి తీగలు, చిన్న గిన్నెలో గుడ్డుసొన, సున్నం కలిపిన ముద్ద. రెండు ముక్కలైన ప్యాలాను తెస్తే అతుకుకి అటూ ఇటూ రంధ్రాలు వేసి ఇత్తడి కుట్లు దిగగొట్టేవాడు. తర్వాత అందులో సలసల కాగే టీ పోసి, కింద సిగరెట్టు కాగితం ఒకటి పరిచి, దాని మీద పెట్టేవాడు. టీ చల్లారేదాకా కబుర్లే. చల్లారాక కాగితం తీసి చూపించేవాడు. పొడిగా ఉంటే కూలి తీసుకునేవాడు. ఏ మూలైనా తడి తగిలితే తీసుకునేవాడు కాదు, ఇంకోసారి విప్పి కుట్టేవాడు.

నాకు ఆయనంటే చిన్నచూపు. నేను తొట్టిలో పారేసేవాటిని పట్టుకుని బతికే మనిషి అనుకునేదాన్ని. ఆయన మాత్రం నేను కనిపిస్తే లేచి నిలబడేవాడు.

“రా చెల్లమ్మా. ఈ ఊళ్లో మన సరుకు గురించి మాట్లాడుకోవడానికి ఇద్దరమే ఉన్నాం.”

‘మన సరుకు’ అన్నందుకు నాకు ఒళ్లు మండేది.

మా అక్క హోసియత్ కొడుకు ఇల్హోమ్ బస్సు డ్రైవరు. ఆ బస్సులోనే మునీస రోజూ బట్టలు కుట్టడం నేర్చుకోవడానికి వెళ్లేది. ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు గానీ ఒక వసంతంలో వాడు మా ఇంటికొచ్చి, టోపీ చేతిలో నలుపుతూ అరగంట కూర్చున్నాడు.

“పిన్నీ, అమ్మని ఉస్తా ఇంటికి సంబంధం అడగడానికి పంపించు. నువ్వూ వెళ్లు. నువ్వు బాగుందంటే అమ్మ కాదనదు.”

“అమ్మాయి నీకు నచ్చిందా?”

“నచ్చకపోతే రోజూ ఆ గుంతల దారిలో బండి మెల్లగా ఎందుకు నడుపుతాను?” అని చెవులు ఎర్రబడేలా నవ్వాడు.

నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. చివరికి మనుషుల్ని కూడా నాకే చూపిస్తున్నారు. నోర్మత్ ఒక్కడే “అక్కడికి పుల్ల తీసుకెళ్లకే” అన్నాడు. హాస్యమాడాడనుకున్నాను.

గురువారం పొద్దున్నే వెళ్లాం, అక్కా నేనూ. చిన్న వాకిలి, నీళ్లు చల్లి ఊడ్చి ఉంది. ద్రాక్ష పందిరికి అప్పుడే చిగుళ్లు వస్తున్నాయి. తుర్దిఅలీ భార్య పోయి అప్పటికి ఏడేళ్లు. ఆయన చెల్లెలు వచ్చి గుడ్డ పరిచి, రొట్టెలు, ఎండుద్రాక్ష, బాదం పెట్టింది. మా దగ్గర సంబంధం కుదిరితే అక్కడే రొట్టె విరుస్తారు. అక్క కళ్లు అప్పటికే రొట్టె మీదున్నాయి. ఆమెకి ఇల్లు నచ్చింది, వాకిలి నచ్చింది. తలుపు చాటున అమ్మాయి కాలి చప్పుడు కూడా నచ్చినట్టే ఉంది.

మునీస టీ తెచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చేతులు వణకలేదు. పెద్దవాళ్ల ముందు అంత నిదానంగా టీ పోసే పిల్లను నేను అంతకుముందు చూడలేదు. మా అక్కకి మామూలు ప్యాలాలో పోసింది. నా ముందు పెట్టిన ప్యాలా మాత్రం వేరు. పాతది, రష్యా జార్ చక్రవర్తుల కాలంనాటిది, వెలిసిన గులాబీ పువ్వులది. అంచు నుంచి అడుగుదాకా నిలువునా పగిలి ఉంది. ఆ పగులు మీద ఏడు ఇత్తడి కుట్లు, చీమల బారులా.

అందులో అడుగున రెండు గుక్కలే పోసింది. గౌరవం ఎంత ఎక్కువైతే టీ అంత తక్కువ పోస్తాం మేం, మళ్లీ మళ్లీ పోసే వీలుండాలని. నిండా పోశామంటే తాగి బయల్దేరమని. ఆ రెండు గుక్కల సంగతి నేను చూడనే లేదు. నాకు కుట్లు కనిపించాయి. ఎవరికి? రోజుకి రెండు వేల ప్యాలాలు తట్టే హనీఫాకి, సంబంధానికొచ్చిన చోట, పగిలిన ప్యాలానా? నా రక్తం ఉడికిపోయింది. గోటితో అంచు మీద తట్టాను. టప్పుమంది.

తుర్దిఅలీ నా మొహం వంకే చూస్తున్నాడు, పిల్లాడు పలక చూపించి పంతులు మొహం చూసినట్టు. ఏదో చెప్పబోయి ఆగాడు. నేనే ముందు అడగాలనుకున్నాడేమో.

నేను ప్యాలాను దూరంగా జరిపాను. టీ ముట్టుకోలేదు. “మళ్లీ వస్తాం” అని లేచాను. మా అక్క బిత్తరపోయి నా వెనకే లేచింది. రొట్టె అలాగే ఉండిపోయింది.

గేటు దాటామో లేదో అక్క నా చెయ్యి పట్టుకుంది.

“ఏమైందే? పిల్ల చక్కగా ఉంది కదే! నీకేం కనిపించింది?”

కాలువ దగ్గర బిందెలతో నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి మా వంకే చూస్తున్నారు. అందరికీ తెలుసు మేం ఎక్కడినుంచి వస్తున్నామో. వాళ్లు లేకపోతే నేను ఆ మాట అనేదాన్ని కాదేమో. చూసేవాళ్లుంటే నాకు నాలుక మీద అదుపు ఉండేది కాదు.

“పిల్ల బాగానే ఉందిలే అక్కా,” అన్నాను గొంతు పెంచి. “కానీ నీలిముద్ర.”

వాళ్లు గొల్లున నవ్వారు. కార్ఖానా ఊరు కదా, పసిపిల్లలకి కూడా ముద్రల సంగతి తెలుసు. ఒకామె “అయితే మచ్చ ఎక్కడుందో చెప్పు హనీఫా!” అంది. నేను చెప్పలేదు, నవ్వాను. చెప్పకుండా నవ్వడం ఇంకా పాపం. మచ్చ ఎక్కడుందో ఎవరికి తోచినట్టు వాళ్లు ఊహించుకున్నారు. సాయంత్రానికి ఆ మాట రొట్టెల బట్టీ దగ్గరికి, మర్నాటికి బస్సులోకి చేరింది.

ఇల్హోమ్ మా ఇంటికి ఇంకొక్కసారే వచ్చాడు. కూర్చోలేదు.

“తట్టి చూడమని పంపించాను పిన్నీ. పగలగొట్టమని కాదు.”

వాళ్లమ్మ చూపించిన పిల్లని ఆ శరదృతువులోనే తల వంచుకుని పెళ్లి చేసుకున్నాడు. మునీసకి తర్వాత రెండు సంబంధాలు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయాయి. రెండోసారి వచ్చినవాళ్లు “రెండో రకం కదా, మనమిచ్చే కానుకలు సగానికి సగం తగ్గించమనొచ్చు” అని ఆ వీధిలోనే జోకులేసుకున్నారట. ఇది విన్న మూడోరోజు నోర్మత్ భోంచేస్తూ అన్నాడు: “ఇరవై ఏళ్లుగా పత్తి చూస్తున్నాను. నా ఒళ్లో పెరిగిన కూతురు ఏ రకమో చెప్పమంటే నాకు చేతకాదు. నువ్వు రెండు గుక్కల టీకి ఎలా చెప్పావే?”

నేను ఆయన మీదే అరిచాను.

ఆ చలికాలంలో మా టీకెటిల్ ముక్కు విరిగింది, పింగాణీది, మా అత్తగారిది. కూతురి చేత తుర్దిఅలీ దగ్గరికి పంపించాను. తిరిగి తెచ్చుకోవడానికి మాత్రం నేనే వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. అది నాకు చెంపదెబ్బలా తగిలింది. కెటిల్ కింద కాగితం తీసి చూపించాడు. పొడిగా ఉంది.

“చెల్లమ్మా, ఒక్క మాట. ఆ రోజు నువ్వు లోపల చూడలేదు.”

“ఏం లోపల?”

“ప్యాలా లోపల. ఆ కుట్లు నావి కావు, మునీసవి. దానికి పదకొండేళ్లప్పుడు వేసింది. ఏడు కుట్లకి పద్నాలుగు రంధ్రాలు. ఒక్కటి కూడా లోపలికి దిగలేదు. బర్మా సగంలో ఉండగా దాని చప్పుడు మారుతుంది, అది విని ఆపాలి. నాకే పదింటికి ఒకటి దాటిపోతుంది. దాని చెవి అలాంటిది.” కెటిల్‌ని గుడ్డలో చుడుతూ ఆగాడు. “ఊళ్లో ఈ పని చూసి తెలుసుకోగలిగినదానివి నువ్వొక్కదానివే కదా. అందుకని నీకే పెట్టమన్నాను. నా తప్పే. ముందే చెప్పాల్సింది.”

తల కొట్టేసినట్టయింది. ముందు లోపల చూడాలి, తర్వాత అంచు, తర్వాత అడుగు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ మొదటి రోజు నేను చెప్పే పాఠం అదే. నా ఎదుట పెట్టిన ఒకే ఒక్క ప్యాలాని నేను లోపల చూడలేదు.

అప్పుడు నేను ఏం చెయ్యాలి? కాలువ దగ్గరికి వెళ్లి, ఆ నలుగురైదుగురినీ పిలిచి, తప్పు నాదని చెప్పాలి. అప్పటికింకా మాట పచ్చిగానే ఉంది. చెప్పలేదు. వేసిన ముద్ర చెరపకూడదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చెరిపితే నా మిగతా ముద్రలను ఎవరు నమ్ముతారు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. తీసుకోలేమో లేదో నేను ప్రయత్నించి చూస్తే కదా తెలిసేది. పద్నాలుగేళ్లు ప్రయత్నించలేదు.

ఆ పద్నాలుగేళ్లలో మునీస బట్టలు కుట్టడం మానేసి నర్సు చదువు చదివింది. ఆస్పత్రిలో చెవుల గదిలో పని దొరికింది. తండ్రిని కనిపెట్టుకుని ఆ ఇంట్లోనే ఉండిపోయింది. వీధిలో ఎదురైతే “బాగున్నారా పిన్నిగారూ” అనేది, ఆగేది కాదు. నేనూ చెప్పుల వంక చూసుకుంటూ పోయేదాన్ని.

ఇక అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడే రోజు రానే వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా రోజూ రెండు వేల దెబ్బలు, వెనక యంత్రాల రొద. నా చెవులు ఎప్పటినుంచి పోవడం మొదలుపెట్టాయో నాకే తెలియదు. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత నోర్మత్ గొణుగుడు పోయింది, అది హాయిగానే అనిపించింది. చివరికి ఒకరోజు బల్ల దగ్గర ప్యాలా తడితే అది ఖంగుమందో టప్పుమందో తేలలేదు. వేలికి తెలిసే అదురుతో గుర్తుపట్టొచ్చులే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. కార్ఖానా గుమ్మంలో గౌరవ ఫలకం మీద నా ఫొటో ఉంది. దాని కింద ‘ఇరవై ఐదేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు’ అని రాసి ఉంది.

ఫిర్యాదు ఆ ఏడాదే వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లివారి పులావు విందులో ఒక ముసలమ్మ చేతిలో ప్యాలా నిలువునా విచ్చిపోయి, మరిగే టీ ఒళ్లో ఒలికింది. తొడలు బొబ్బలెక్కి నెల రోజులు మంచం పట్టింది. ముక్కలు కార్ఖానాకి తెచ్చారు. ఎర్రముద్ర, పక్కనే తట్టిన మనిషి అంకె, పద్నాలుగు, నాదే. ఆ పెట్టెలో మిగిలినవి తట్టి చూస్తే ఇంకో ఆరు టప్పుమన్నాయట. నేనూ అక్కడే నిలబడి చూశాను. నాకు మంచివీ పగిలినవీ అన్నీ ఒక్కలాగే వినిపించాయి.

తట్టేవాళ్లందరికీ చెవి పరీక్ష చేయించమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. చెవుల గదిలో తెల్లకోటు వేసుకుని కూర్చున్నది మునీస.

“కూర్చోండి పిన్నిగారూ.”

గది తలుపు మూసింది. సొరుగులోంచి రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ తీసి మోకాలి మీద కొట్టి నా చెవి దగ్గర పెట్టింది. ఆ కొమ్ములు వణకడం నా కంటికి కనిపిస్తోంది. చెవికి ఏమీ లేదు.

“వినిపిస్తోందా?”

“వినిపిస్తోంది.”

“ఎప్పుడు ఆగిందో చెప్పండి.”

కొంచెంసేపు ఆగి, అంచనా వేసి “ఇప్పుడు” అన్నాను. మునీస కడ్డీని తన చెవి దగ్గర పెట్టుకుంది. నా వంక చూసింది. ఇంకోసారి కొట్టింది. మళ్లీ అబద్ధం చెప్పాను. మూడోసారి, కడ్డీని కొట్టకుండానే నా చెవి దగ్గర పెట్టి “వినిపిస్తోందా?” అంది.

“వినిపిస్తోంది” అన్నాను.

మునీస కడ్డీని బల్ల మీద పెట్టింది. కలం తీసింది. ఆ కలాన్ని చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“అమ్మా, రాయకు తల్లీ. ఒక్క ఏడాది. ఫలకం మీద నా ఫొటో ఉంది. అందరూ నవ్వుతారు. బాగానే వినిపిస్తోందని ఒక్క ముక్క రాసెయ్యి, నీకు పుణ్యముంటుంది.”

ఎవరిని బతిమాలుతున్నానో నోరు మూశాక గానీ నాకు గుర్తురాలేదు. అందరూ నవ్వుతారు, అన్నాను. ఆమెతో.

మునీస చెయ్యి విడిపించుకోలేదు. నాకు వినపడాలని కాబోలు, మొహం దగ్గరకు తెచ్చి నెమ్మదిగా, గట్టిగా చెప్పింది.

“పిన్నిగారూ, ఇప్పుడు మిమ్మల్ని మూడుసార్లు తట్టి చూశాను. కావాలంటే ఇంకో మూడుసార్లు చూస్తాను. సాయంత్రందాకా చూడమన్నా చూస్తాను. చూడకుండా మాత్రం రాయను. నాకు ముద్ర వేసే ముందు మీరు నన్ను ఒక్కసారైనా తట్టి చూశారా?”

గొంతు పెంచింది గానీ కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే నాకు అరవడం వచ్చు, ఏదో ఒకటి అరిచేదాన్ని.

“కాలిన ముసలమ్మకి కట్లు కట్టింది మా ఆస్పత్రిలోనే” అని కూడా అంది. అని, కార్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసింది. రెండు చెవులూ పనికిరావని.

ఫలకం మీద నా ఫొటో ఉన్నచోట నాలుగు మేకు రంధ్రాలు మిగిలాయి. నన్ను గడ్డి పరిచి పెట్టెలు కట్టే గదిలో వేశారు. అక్కడ ఎవరికీ చెవులు అక్కర్లేదు.

మా వీధి ఆడవాళ్లం నెలకోసారి ఒక్కొక్కరింట్లో కూడుకుంటాం. ఆ నెల హోసియత్ అక్క వంతు. బట్టీలో కాల్చిన మాంసం సంసాలు తిన్నాక, పాటలు మొదలయ్యే ముందు నేను లేచాను. పద్నాలుగేళ్ల కిందట తుర్దిఅలీ ఉస్తా ఇంట్లో ఏం జరిగిందో, ప్యాలా ఎవరు కుట్టారో, నేను ఎక్కడ చూడలేదో మొత్తం చెప్పాను. మునీసలో నాకు ఏ మచ్చా కనిపించలేదని, అసలు నేను వెతకనే లేదని చెప్పాను.

అక్క మొహం కందగడ్డలా అయింది. “చెవులతో పాటు బుద్ధి కూడా పోయిందా? ఇల్హోమ్‌కి నలుగురు పిల్లలు. కోడలు వంటింట్లో ఉంది. ఇప్పుడెందుకే ఈ గోల?”

“పోనీలెండి, ఎప్పటి మాటో” అంది ఒకామె. ఇంకొకామె నవ్వుతూ “అయితే ఇప్పుడు ఎర్రముద్ర వేసెయ్ హనీఫా, సరిపోతుంది” అంది. అందరూ నవ్వారు. మాటలు పెదవుల కదలికను బట్టి పట్టుకున్నాను, నవ్వు మాత్రం వినపడలేదు, భుజాలు కదలడం కనిపించింది. ఆ రోజు కాలువ దగ్గర నేను నవ్వించినప్పుడు కూడా మునీస తలుపు సందులోంచి ఇలాగే చూసి ఉంటుంది. తర్వాత పాటలు మొదలుపెట్టారు. వెళ్తూ వెళ్తూ వాకిట్లో ఎవరో “ఆ నీలిముద్ర గురించే ఇంత రామాయణమా” అన్నారని మా కూతురు చెప్పింది. పేరు నాది కాదు ఇప్పుడు. నా చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది.

మర్నాడు మునీస ఇంటికి వెళ్లాను. తుర్దిఅలీ అంతకుముందు చలికాలంలోనే పోయాడు. అప్పుడు పరామర్శకి వెళ్లాను గానీ ఆడవాళ్ల గుంపులో చివర నిలబడి ఆమె ఎదుట పడకుండా వచ్చేశాను. ఇప్పుడు వాకిట్లో ఒక్కతే ఉంది, ద్రాక్ష పందిరి కింద బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి తడి చేతులు తుడుచుకుంది.

“నిన్న చెప్పాను మునీసా. అందరి ముందూ చెప్పాను.”

“తెలిసింది.”

“ఆ రోజు టీ వదిలేసి వెళ్లాను. ఉంటే ఆ ప్యాలాలోనే పొయ్యి. తాగి వెళ్తాను.”

లోపలికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో అదే ప్యాలా, వెలిసిన గులాబీలు, ఏడు కుట్లు. గుడ్డ పరిచింది, రొట్టె పెట్టింది, నా ముందు ఒక సిగరెట్టు కాగితం వేసి దాని మీద ప్యాలా పెట్టింది. కెటిల్ వంచింది. అడుగు దాటింది, సగం దాటింది, ఆగలేదు. గులాబీలు దాటి అంచుదాకా, ఇంక ఒక్క చుక్క పడితే పొర్లిపోయేదాకా పోసింది. ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు. అప్పుడు కెటిల్ కింద పెట్టి తిన్నగా నా మొహంలోకి చూసింది.

నేను రెండు చేతులతో ఎత్తుకుని తాగాను. పెదవులు కాలాయి. ఆపలేదు. చివరి గుక్కదాకా తాగి లోపల చూశాను. తెల్లగా, నున్నగా ఉంది. పద్నాలుగు రంధ్రాల్లో ఒక్కటి కూడా లోపలికి దిగలేదు. కింద కాగితం తీసి చూశాను. పొడిగా ఉంది.

ప్యాలాను కాగితం మీద బోర్లించి లేచాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి మునీస ఏదో అంది. మాట గాలిలో కదిలినట్టు తెలిసింది గానీ ఏమందో వినపడలేదు. వెనక్కి తిరిగి మళ్లీ చెప్పమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.